వెళ్లడానికి 10 గంటలు, రావడానికి 31 గంటలా?



ప్రతి నెలా ఈ పేజీలో ఒక టీచర్ తన క్లాసు సంగతి ఒకటి మీతో పంచుకుంటారు. ఈసారి నా వంతు. నేను 6వ తరగతికి సోషల్ చెబుతాను. మా పిల్లలు వేసిన చార్టుల గురించో, ఫీల్డ్ ట్రిప్ గురించో రాద్దామనుకున్నాను. చివరికి బోర్డు మీద నేను వేసిన ఒక తప్పు లెక్క గురించి రాస్తున్నాను. ఎందుకు రాయాలనిపించిందో చదివాక మీకే తెలుస్తుంది.

నవంబరు చివర్లో ఒక రోజు లంచ్ బెల్ కొట్టాక పిల్లలంతా బాక్సులు తీసుకుని బయటికి పరిగెత్తారు. ఒక పాప మాత్రం నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. పేరు రాయను. చేతిలో మడతలు పెట్టిన రెండు కాగితాలు ఉన్నాయి. రెండూ వాళ్ల నాన్న విమానం టికెట్ల ప్రింట్లు. ఆయన ఆఫీసు పని మీద జూన్‌లో షికాగో వెళ్లారు. డిసెంబరులో సెలవు పెట్టుకుని ఇంటికి వస్తున్నారు.

"మేడం, మా నాన్న వెళ్లినప్పుడు 10 గంటల 45 నిమిషాలు పట్టింది. ఇప్పుడు రావడానికి 31 గంటల 10 నిమిషాలు పడుతుందట. వెళ్లే దారి కంటే వచ్చే దారి అంత దూరం ఎందుకుంటుంది?"

నాకు అప్పటికే రెండు సెక్షన్ల నోట్సులు దిద్దాల్సినవి ఉన్నాయి. "టైమ్ డిఫరెన్స్ ఉంటుందమ్మా, రేపు క్లాసులో చెబుతాను" అన్నాను. "సరే మేడం" అని కాగితాలు మళ్లీ అవే మడతల్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం గేటు దగ్గర వాళ్లమ్మ కనిపించారు. పాప టికెట్ల గురించి అడిగిందని చెప్పాను. ఆమె కొంచెం నవ్వి, "అదే గొడవ మేడం ఇంట్లో రెండు రోజులుగా. వాళ్ల నాయనమ్మేమో, తక్కువ రేటు టికెట్ కాబట్టి చుట్టూ తిప్పి తీసుకొస్తారేమో అంది. ఇది నిన్న ఫోన్‌లో వాళ్ల నాన్నతో, 'అంత దూరమైతే రావద్దులే నాన్నా, అలిసిపోతావు' అంది. ఆయన అరగంట దాకా మామూలు మనిషి కాలేదు" అన్నారు.

ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అక్షాంశాలు, రేఖాంశాల పాఠం మాకు ఆగస్టులోనే అయిపోయింది. 15 డిగ్రీలకు ఒక గంట తేడా అని క్లాసంతా యూనిట్ టెస్టులో రాసింది. ఈ పాపకు 20కి 19 వచ్చాయి. పేపర్ మీద 19 తెచ్చుకున్న పిల్లకు సొంత నాన్న టికెట్ అర్థం కాలేదంటే, లోపం పాప దగ్గర లేదు. నేను చెప్పిన పద్ధతిలోనే ఏదో మిగిలిపోయింది.

గడియారాల లెక్క

మర్నాడు పాప, వాళ్లమ్మ ఇద్దరి అనుమతితో ఆ రెండు టికెట్లలోని టైములు బోర్డు మీద రాశాను.

వెళ్లేటప్పుడు: హైదరాబాద్‌లో తెల్లవారుజాము 3:45కి బయల్దేరి, దోహాకు 5:40కి చేరడం. దోహాలో 8:05కి ఇంకో విమానం. షికాగోలో అదే రోజు మధ్యాహ్నం 2:30కి దిగడం.

వచ్చేటప్పుడు: డిసెంబరు 20 సాయంత్రం 7:00కి షికాగోలో బయల్దేరి, 21 సాయంత్రం 5:00కి దోహా చేరడం. అక్కడ 7:40కి ఎక్కి, 22 తెల్లవారుజాము 2:10కి శంషాబాద్‌లో దిగడం.

"టికెట్ మీద ఏ ఊరి పేరు పక్కన ఉన్న టైము ఆ ఊరి గోడ గడియారంలోది. మూడు ఊళ్లు, మూడు గడియారాలు. ఒక గడియారం నుంచి ఇంకో గడియారాన్ని తీసేస్తే ప్రయాణం రాదు. ముందు అన్నిటినీ ఒకే గడియారంలోకి మార్చాలి" అని చెప్పాను.

మన ఇండియా టైము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది. కాకినాడకు దగ్గరగా వెళ్లే గీత అది. ఖతార్ టైముకు ఆధారం 45 డిగ్రీల తూర్పు. తేడా 37½ డిగ్రీలు, 15తో భాగిస్తే రెండున్నర గంటలు. షికాగో టైముకు ఆధారం 90 డిగ్రీల పడమర. మన 82½, వాళ్ల 90 కలిపితే 172½ డిగ్రీలు. 15తో భాగిస్తే పదకొండున్నర గంటలు. ఆగస్టులో వల్లించిన సూత్రమే. కాకపోతే ఈసారి దాని చివర ఒక మనిషి దిగుతున్నాడు కాబట్టి పిల్లలు పెన్సిళ్లు పట్టుకుని ముందుకు వంగారు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. జూన్ టికెట్‌కి పదకొండున్నర కలిపితే లెక్క కుదరదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి తెస్తారు. అందుకని జూన్‌లో షికాగోకు, మనకు తేడా పదిన్నర గంటలే. ఈ విషయం ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే పాపే లేచింది.

"అందుకేనా మేడం! నాన్న రోజూ రాత్రి అన్నం తిన్నాక 8 గంటలకు ఫోన్ చేస్తారు. అప్పుడు మనకు పొద్దున ఆరున్నర. ఈ నెల నుంచి ఏడున్నరకు వస్తోంది ఫోన్. అప్పుడే మా వ్యాన్ కూడా వస్తుంది."

నేను చెప్పాల్సిన పాఠం ఆ పాప ఇంట్లో రోజూ జరుగుతోంది. నవంబరు మొదటి వారం నుంచి ఆ వ్యాన్ పిల్లలు అసెంబ్లీకి ఎందుకు పరిగెత్తుకుంటూ వస్తున్నారో కూడా నాకు ఆ రోజే తెలిసింది.

చాక్‌పీస్ పాప చేతికిచ్చాను. షికాగో మధ్యాహ్నం 2:30కి పదిన్నర కలిపితే మనకు రాత్రి 1:00. 3:45 నుంచి అప్పటిదాకా 21 గంటల 15 నిమిషాలు. తిరుగు టికెట్‌లో షికాగో సాయంత్రం 7:00కి పదకొండున్నర కలిపితే మనకు మర్నాడు పొద్దున 6:30. అక్కణ్ణుంచి 22వ తేదీ 2:10 దాకా 19 గంటల 40 నిమిషాలు.

పాప రెండుసార్లు తీసివేత చేసి చూసుకుంది. "మేడం, వచ్చేటప్పుడే తక్కువ!" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆపేసి ఉంటే ఈ పేజీలో రాయడానికి తప్పు ఉండేది కాదు.

స్కేలు పెట్టి చేసిన తప్పు

చప్పట్లు తగ్గగానే ఒక అబ్బాయి, "ఇంతకీ షికాగో ఎంత దూరం మేడం?" అన్నాడు. నాకు మంచి ఊపు వచ్చింది. గోడ మీది ప్రపంచ పటం దగ్గరికి వెళ్లాను. మీటరు స్కేలు హైదరాబాద్ నుంచి షికాగోకు పెట్టాను. అరేబియా, ఆఫ్రికా ఉత్తర కొన, అట్లాంటిక్ దాటి గీత వెళ్లింది. 47 సెంటీమీటర్లు వచ్చింది. పటం మూలన 1 సెంటీమీటరుకు 400 కిలోమీటర్లు అని ఉంది. 47ని 400తో హెచ్చవేస్తే 18,800 కిలోమీటర్లు. దోహా కూడా ఆ గీతకు దగ్గర్లోనే ఉంది. పెద్ద విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు వెళుతుంది. 18,800ని 900తో భాగిస్తే దాదాపు 21 గంటలు.

"చూశారా? ఇందాక గడియారం లెక్కలో వచ్చింది 21 గంటల 15 నిమిషాలు. ఇప్పుడు దూరం లెక్కలో కూడా 21 వచ్చింది. రెండు దారుల్లో చేస్తే ఒకే జవాబు వచ్చిందంటే లెక్క కరెక్ట్ అన్నమాట" అని గర్వంగా చెప్పాను. పిల్లలు నోట్సులో 18,800 అని రాసుకుని కింద రెండు గీతలు గీశారు.

వెనక బెంచీలో ఒకడు చెయ్యెత్తాడు. "మేడం, విమానం దోహాలో ఆగింది కదా. ఆగినప్పుడు కూడా కిలోమీటర్లు తిరుగుతుందా?"

క్లాసు నవ్వింది. నేను నవ్వలేకపోయాను. దోహాలో 5:40 నుంచి 8:05 దాకా, అంటే 2 గంటల 25 నిమిషాలు ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. విమానాల్లో గడిచింది 18 గంటల 50 నిమిషాలే. అంత సేపట్లో 18,800 కిలోమీటర్లు వెళ్లాలంటే గంటకు దాదాపు 1,000 కిలోమీటర్ల సగటు రావాలి. అందులో రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ కలిసే ఉంటాయి. ప్రయాణికుల విమానానికి అంత సగటు రాదు. బెల్ కొట్టారు. "రేపు చూద్దాం" అన్నాను. రెండు రోజుల్లో రెండోసారి ఆ మాట అనడం.

నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం నాకు భయమేసింది. ముప్పై ఎనిమిది నోట్సుల్లో 18,800 అని ఉంది. అవి మీ ఇళ్లకు వచ్చాయి. మీలో చాలామంది అన్నయ్యలో, అక్కలో, బావలో అక్కడే ఉంటారు. ఎవరైనా ఫోన్‌లో ఒక్కసారి చూస్తే చాలు. ఇంత ఫీజు కట్టి చదివిస్తుంటే టీచర్‌కే తెలియదా అనుకుంటారు కదా. ఏమీ అననట్టు మర్నాడు తరువాతి పాఠంలోకి వెళ్లిపోవచ్చు, ఎవరూ అడగరు అని కూడా ఒక క్షణం అనిపించింది. కానీ ఆ పాప 18,800 కింద గీసిన రెండు గీతలు గుర్తొచ్చాయి. మన టీచర్ చెప్పింది కాబట్టి వాళ్ల నాన్న 18,800 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే లెక్క ఆ పిల్లకు.

దారం చెప్పిన దూరం

స్టాఫ్ బస్సుకు ఇంకా అరగంట ఉంది. స్టాఫ్ రూమ్ బీరువా మీది గ్లోబు దింపి దుమ్ము తుడిచాను. క్రాఫ్ట్ టీచర్ దగ్గర దారం తీసుకున్నాను. హైదరాబాద్ దగ్గర ఒక వేలితో నొక్కి, ఇంకో చేత్తో దారాన్ని షికాగో దగ్గర పట్టుకుని, గోడ పటంలో చూసినట్టే అరేబియా, అట్లాంటిక్ మీదుగా పెట్టాను. బిగించి లాగగానే దారం జారింది. పైకి, ఇంకా పైకి పోయి ఎక్కడో ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఆగింది. మళ్లీ కిందికి తెచ్చి లాగాను. మళ్లీ జారింది.

దారానికి భూగోళశాస్త్రం తెలియదు. బిగిస్తే అది అన్నిటికంటే దగ్గరి దారినే పట్టుకుంటుంది. హైదరాబాద్ నుంచి షికాగోకు దగ్గరి దారి పడమరగా పోదు. దాదాపు నేరుగా ఉత్తరానికి, కశ్మీర్ వైపు, కజకిస్తాన్, రష్యా మీదుగా ఆర్కిటిక్ సముద్రానికి ఎక్కుతుంది. దాదాపు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, గ్రీన్‌లాండ్ ఈశాన్య తీరం దగ్గరికి పోయి, అక్కణ్ణుంచి కెనడా మీదుగా కిందికి దిగుతుంది. బత్తాయిని సరిగ్గా సగానికి కోస్తే తొక్క మీద వచ్చే గీత లాంటిది ఈ దారి. దీన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఇంత అని చెప్పేటప్పుడు మామూలుగా కొలిచేది దీన్నే.

మరి గోడ పటం ఎందుకు తప్పు చెప్పింది? ఆ పటం మెర్కేటర్ పద్ధతిలో గీసింది. 1569లో గెరార్డస్ మెర్కేటర్ ఆ పద్ధతిని ఓడలు నడిపేవాళ్ల కోసం తయారుచేశాడు. అందులో ఒక సరళరేఖ గీస్తే దిక్సూచి ముల్లు ఒకే కోణంలో పెట్టుకుని ఆ దారిన పోవచ్చు. దిక్కు కోసం అది చాలా మంచి పటం. దూరం కోసం కాదు. భూమధ్యరేఖ చుట్టుకొలత 40,075 కిలోమీటర్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి చుట్టూ తిరిగితే అందులో సగమే. కానీ పటంలో రెండు గీతలూ ఒకే పొడవు. పైకి పోయేకొద్దీ నేలను సాగదీసి గీస్తారు. అందుకే అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. పటం మూలన రాసిన 400 కిలోమీటర్ల స్కేలు భూమధ్యరేఖ దగ్గరే సరిపోతుంది. నేను దాన్ని ప్రపంచమంతటికీ వాడాను.

మర్నాడు క్లాసులోకి గ్లోబు పట్టుకుని వెళ్లాను. "నిన్న నేను చెప్పిన 18,800 తప్పు. రెండు జవాబులు కలిశాయి కాబట్టి కరెక్ట్ అన్నాను చూడండి, అది ఇంకా పెద్ద తప్పు. తప్పు లెక్క కూడా ఒక్కోసారి అనుకోకుండా మనక్కావాల్సిన అంకె దగ్గరికి వస్తుంది. మీవాడు అడగకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి, "పర్లేదు మేడం" అని వినిపించింది. ఆ రోజు క్లాసు అంత సందడిగా ఎప్పుడూ జరగలేదు.

ముందు గ్లోబు నడుము చుట్టూ, భూమధ్యరేఖ మీద దారం చుట్టి కొలిచాం. 94 సెంటీమీటర్లు. అంటే ఆ 94 సెంటీమీటర్లే 40,075 కిలోమీటర్లు. తర్వాత పాప హైదరాబాద్ దగ్గర వేలు పెట్టింది, ఇంకొకడు షికాగో దగ్గర దారం బిగించాడు. 31 సెంటీమీటర్లు వచ్చింది. 31ని 40,075తో హెచ్చవేసి 94తో భాగిస్తే 13,216 కిలోమీటర్లు. లెక్క కట్టి చూస్తే అసలు దూరం దాదాపు 13,300. దారం ముక్కతో ఆరో తరగతి పిల్లలు చేసిన కొలత నూటికి ఒక్క కిలోమీటరు కూడా తప్పలేదు. నా మీటరు స్కేలు 5,500 కిలోమీటర్లు తప్పింది.

తర్వాత నాన్నగారి దారి కొలిచాం. హైదరాబాద్ నుంచి దోహాకు 7 సెంటీమీటర్లు, దోహా నుంచి షికాగోకు 27. మొత్తం 34 సెంటీమీటర్లు, అంటే దాదాపు 14,500 కిలోమీటర్లు. అసలు దూరాలు 2,900, 11,460, కలిపితే 14,400కి కొంచెం తక్కువ. నాయనమ్మగారి అనుమానం కూడా తీరిపోయింది. దోహా మీదుగా రావడం వల్ల పెరిగిన దూరం దాదాపు 1,100 కిలోమీటర్లు మాత్రమే. పైగా వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకటే దారి.

విమానం దారాన్ని అంగుళం తప్పకుండా అనుసరించదని కూడా చెప్పాను. గాలులు, తుఫానులు, కొన్ని దేశాల మీదుగా వెళ్లనివ్వకపోవడం వల్ల అటూ ఇటూ జరుగుతుంది. కానీ ధ్రువం వైపు దారి ఊహ కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎక్కడా ఆగని విమానం నడిపింది. ఉత్తర ధ్రువం మీదుగా వచ్చిన ఆ విమానాన్ని నడిపింది కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే. అది వినగానే మా క్లాసులో నలుగురు ఆడపిల్లలు పైలట్లు అయిపోయారు. అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకు కూడా ఆ సంస్థ నేరుగా విమానం మొదలుపెట్టింది.

వచ్చేటప్పుడు ఎందుకు తక్కువ?

ఇంకో ప్రశ్న మిగిలింది. దారి ఒకటే అయితే, వెళ్లేటప్పుడు విమానాల్లో 18 గంటల 50 నిమిషాలు, వచ్చేటప్పుడు 17 గంటలే ఎందుకు? దోహా, షికాగోల మధ్యే చూడండి. వెళ్లేటప్పుడు 14 గంటల 25 నిమిషాలు, వచ్చేటప్పుడు 13 గంటలు. అదే 11,460 కిలోమీటర్లు వెళ్లేటప్పుడు సగటున గంటకు 795, వచ్చేటప్పుడు 880.

"భూమి తిరుగుతుంది కదా మేడం, అందుకని" అన్నారు చాలామంది. పెద్దవాళ్లం కూడా అలాగే అనుకుంటాం. కానీ భూమితో పాటు గాలి కూడా తిరుగుతుంది. అలా కాకపోతే హెలికాప్టర్ పైకి లేచి ఒకేచోట ఆగితే చాలు, కింద ఊళ్లు మారిపోవాలి. నడుస్తున్న రైల్లో బంతి పైకి ఎగరేస్తే మళ్లీ మన చేతిలోకే వస్తుంది, అంతే.

అసలు కారణం గాలి. నేల నుంచి సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో, అంటే విమానాలు తిరిగే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నది పారుతుంటుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. దాని వేగం గంటకు 100 కిలోమీటర్లు సులభంగా దాటుతుంది. చలికాలంలో ఒక్కోసారి 300 కూడా దాటుతుంది. అమెరికా వెళ్లే విమానానికి అది ఎదురుగాలి. ఇంటికి వచ్చే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది. 1920లలో జపాన్‌లో వసబురో ఓయిషి అనే శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచాడు. ఆ ఫలితాలను ఎస్పెరాంటో అనే భాషలో ప్రచురించడంతో చాలాకాలం బయట ఎవరూ పట్టించుకోలేదు. ఏ భాషలో చెబితే అవతలివాళ్లకు అందుతుందో అన్నది ఇంగ్లిష్ మీడియంలో పాఠాలు చెప్పే నాకు కూడా ఆలోచించాల్సిన విషయమే. ఆగస్టులో ఆ పాప ఇంగ్లిష్‌లో రాసిన జవాబు సరైనదే. అది వాళ్లింటి టికెట్ దాకా వెళ్లలేదు, అంతే.

పాప ఆ రోజు నోట్సులో 18,800ని అడ్డంగా కొట్టేసి, పక్కన పెద్ద అక్షరాలతో తెలుగులో రాసుకుంది: "నాన్న రావడమే దగ్గర. గాలి తోస్తుంది." నేను దాని పక్కన టిక్ పెట్టి సంతకం చేశాను. కచ్చితంగా మాట్లాడితే దూరం మారలేదు, టైమే తగ్గింది. కానీ ఆ ఒక్కటి దిద్దబుద్ధి కాలేదు.

ఆ రాత్రి వాళ్లమ్మ నుంచి మెసేజ్ వచ్చింది. నాన్నగారికి ఫోన్‌లో మొత్తం లెక్క అప్పజెప్పిందట. చివర్లో, "అందుకని వచ్చెయ్ నాన్నా" అందట.

ఇంట్లో చేసి చూడండి

సెలవుల్లో మీరు కూడా పిల్లలతో కూర్చుని ఇది చేయవచ్చు. ఒక గ్లోబు, మూరెడు దారం, ఒక స్కేలు చాలు. గ్లోబు ఎంత చిన్నదైనా ఫర్వాలేదు.

ముందు భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి పొడవు కొలవండి. అది 40,075 కిలోమీటర్లకు సమానం. మీవాళ్లు ఎవరున్న ఊరైనా తీసుకోండి: డల్లాస్, మెల్‌బోర్న్, దుబాయ్, లండన్. హైదరాబాద్ నుంచి ఆ ఊరికి దారం పెట్టి, అది తనంతట తాను జారి ఆగేదాకా బిగించండి. ఆ పొడవును 40,075తో హెచ్చవేసి, మొదటి పొడవుతో భాగించండి. దూరం వస్తుంది.

టైము కోసం, దూర ప్రయాణమైతే గంటకు 800 కిలోమీటర్ల చొప్పున భాగించండి. దగ్గరి ప్రయాణమైతే 650 చొప్పున వేయండి. ఎక్కడం, దిగడం వంటివాటికి పోయే టైము చిన్న ప్రయాణంలో ఎక్కువ వాటా తినేస్తుంది. తర్వాత ఎవరిదైనా పాత టికెట్ తీసి, అన్ని టైములనూ ఇండియా టైములోకి మార్చి, మీ జవాబుతో పోల్చండి. మధ్యలో ఆగిన సేపు తీసేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను కదా!

జవాబు కొంచెం తప్పితే పిల్లల్ని ఏమీ అనకండి. ఎందుకు తప్పిందో వాళ్లనే వెతకనివ్వండి. టీచర్ చెప్పిన అంకెకు, మీ ఇంట్లో వచ్చిన అంకెకు తేడా ఉంటే ఆ కాగితం క్లాసుకు పంపించండి. నేను చిన్నబుచ్చుకోను.

పాప వాళ్ల నాన్నగారు అనుకున్న రోజే వచ్చారు. మొన్న సోమవారం పొద్దున అసెంబ్లీకి ముందే నా దగ్గరికి వచ్చి, "మేడం, 2:10కి దిగాల్సిన విమానం 1:50కే దిగింది. మేం ఇంకా దారిలోనే ఉన్నాం. నాన్నే బయటికొచ్చి మా కోసం వెయిట్ చేశారు" అని చెప్పింది.

— మీ 6వ తరగతి సోషల్ టీచర్